జట్కా గుర్రం

మేం గుర్రాలెక్కి దండెత్తి వచ్చినోళ్లమంట. దండెత్తినోళ్ల సంగతేమో గానీ, మాకు తెలిసిన గుర్రం తిరపతి రైల్వే స్టేషన్ ముందు జట్కాకు కట్టిన బక్కదే.

స్వారీ నేర్చుకునిందీ జట్కా తోలే చిచ్చా లాయంలోనే. రాత్రి బండి విప్పినాక ముందు లద్దె ఎత్తాల, ఉలవలు నానేయాల, కాలెత్తి లాడం చూడాల. ఆ తర్వాతే ఎక్కనిచ్చేవాడు. గోనెసంచే జీను. "కళ్లెం గుంజొద్దు బేటా, దాని నోరు కొయ్య కాదు. మోకాళ్లతో పట్టుకో" అనేవాడు.

పక్కింటి నాయుడోళ్ల పిల్లోడూ మాతోనే నేర్చుకున్నాడు. వాడెక్కితే ముచ్చట. మేమెక్కితే "తురకోళ్లకు నేర్పాల్నా, రక్తంలోనే ఉండాది" అని నవ్వేవాళ్లు. వాడికన్నా మేమే ఎక్కువసార్లు కింద పడినాం.

చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో హైదరాలీ 1782 డిసెంబరులో కన్నుమూసినాడు. ఆయన దండులోని గుర్రం ఒక్కటీ మా ఇండ్లకు రాలేదు. మావన్నీ అప్పుచేసి కొన్నవి. జీను, లగాము అనే మాటలు పారసీ నుంచి వచ్చి తెలుగైపోయినాయి. వాటినెవరూ ఎక్కణ్ణించి వచ్చినారని అడగరు.

ఆటోలొచ్చి జట్కాల్ని మింగినాయి. చిచ్చా గుర్రాన్ని అమ్మి కొడుక్కి ఆటో కొనిచ్చినాడు. ఇప్పుడు మా పెండ్లికొడుక్కి గుర్రం కావాలంటే బాడుగకు తెస్తాం, గంటల లెక్కన.