ఒక కాగితం, ఒక్క కోత

వేసవి సెలవుల్లో పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే, చేతికో ఏఫోర్ కాగితం ఇచ్చి చూడాలి. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు. పొట్టి అంచులు కలిసేలా మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత దాకా ఒక్క కోత. మళ్లీ విప్పి, పొడుగు అంచులు కలిపి, రెండు కొసలూ లోపలికి నెడితే కోత నోరు తెరుస్తుంది. అంతే, అరచేతిలో ఎనిమిది పేజీల బొమ్మల పుస్తకం! మధ్య గీత దాటి చివరిదాకా కోస్తే రెండు ముక్కలు మిగులుతాయి. మొదటిసారి చాలామందికి మిగిలేవి అవే.

కుట్టు పుస్తకానికి కాగితాలు కలిపి మధ్యకు మడిచి, దబ్బనంతో మడత మీద మూడు కన్నాలు పెడితే చాలు. దారం నడిమి కన్నంలోంచి బయటికి, పైదాంట్లోంచి లోపలికి, కిందిదాంట్లోంచి బయటికి, తిరిగి నడిమిదాంట్లోకి. అక్కడే ముడి. అట్టకు పాత శుభలేఖను మించింది లేదు.

జిగురుకు ఉడికించిన మైదా. పురుగు పట్టకుండా బైండింగు వాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇదంతా పిల్లలాటే అనుకునేవాళ్లు చెన్నైలోని తారా బుక్స్ పుస్తకాలు ఒకసారి తిరగేయాలి. గోండు చిత్రకారుల బొమ్మలతో వచ్చిన ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ను చేత్తో చేసిన నల్లటి కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసి, చేత్తోనే కుట్టారు. తెరవగానే రంగు వాసన గుప్పుమంటుంది.