ఒక్కడి మీద వదిలేసిన పని

నేను ఉట్నూరు ప్రాంతంలోని ఒక గోండు గూడెంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఇరవై ఏళ్లు దాటింది. ఆ శిక్షణలో కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. బడికి వచ్చిన పాత కంప్యూటర్‌ను ఆన్ చేయడం, హాజరు పట్టికలు నింపడం వరకే నాకు తెలుసు.

ఒకరోజు అందులో గుంజాల గోండి లిపిలో ఉన్న పాఠం ఒకటి తెరిచాను. అక్షరాలకు బదులు వరుసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. నా వెనక నిలబడి చూస్తున్న నాలుగో తరగతి పిల్ల "సార్, మన అక్షరాలు దీనికి రావా?" అని అడిగింది. గుంజాల మా ఆదిలాబాద్ జిల్లా ఊరే. అక్కడి పాత రాతప్రతుల్లో దొరికిన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చిందని సభల్లో గర్వంగా చెప్పినవాణ్ణి నేను. ఆ పిల్లకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

ఆ ఏడు దండారికి మా గూడెం కుర్రాడు ఇంటికి వచ్చాడు. నా దగ్గర అయిదో తరగతి దాకా చదివాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కంప్యూటర్ చూసి నవ్వాడు. "సార్, యూనికోడ్ అంటే ఒక్కో అక్షరానికి ఒక నంబరు ఇచ్చుడే. నంబరుంటే అయిపోదు. ఆకారం గీసిన ఫాంటు కావాలె. గుణింతం ఏడ కూసోవాలె, ఒత్తు ఎట్ల కలవాలె అని చెప్పే ప్రోగ్రాం ఇంకోటి కావాలె. అది లోపల పనిచేస్తది, మనకు కనపడదు" అన్నాడు.

పాత సిస్టం తీసేసి లినక్స్ ఎక్కించాడు, నోటో ఫాంటు పెట్టాడు. డబ్బాల చోట మా అక్షరాలు వచ్చాయి. ఎంత ఖర్చయిందని అడిగాను. "పైసల్లేవు సార్, గని ఊకె వచ్చింది గాదు" అన్నాడు.

ఆ మాట రాత్రి పొద్దుపోయేదాకా విప్పి చెప్పాడు. లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి మొదలుపెట్టాడు. రాసింది దాచుకోకుండా అందరి ముందు పెట్టాడు, వేలమంది చేయి వేశారు. అక్షరాలను పేర్చే ప్రోగ్రాం పేరు హార్ఫ్‌బజ్. పారశీకంలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచినది. దాన్ని ముందుండి నడిపినవాడు ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహబోద్. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగును పేర్చేదీ అదే. మా గూడెం పేరు కూడా విననివాళ్ల పని మా బడిలో మా అక్షరాన్ని నిలబెట్టింది.

నాకు వెంటనే బదులు పోవడం గుర్తొచ్చింది. మా దగ్గర ఒకరి చేనుకు ఒకరు బదులు పోతారు, ఇల్లు కప్పే రోజు గూడెమంతా వస్తుంది. కూలి ఉండదు, లెక్క ఉంటుంది. రేపు నేనూ పోవాలి. లినక్స్‌కూ అలాంటి కట్టుబాటు ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు పంచితే మాత్రం దాని సోర్సు కోడు కూడా ఇవ్వాలి.

కట్టుబాటు ఉన్నచోట కూడా భారం ఒక్కడి మీద పడవచ్చు. దీనికి అతను ఎక్స్‌జడ్ అనే చిన్న ప్రోగ్రాం కథ చెప్పాడు. ఫైళ్లను కుదించే ఆ పనిముట్టు లోకంలోని ఎన్నో సర్వర్లలో ఉంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది దాదాపు ఒక్కడే. ఇది జీతంలేని పని అని, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నాడు కూడా. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా సాయం చేసి నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అరసెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి బయటపడింది. అందరూ చూడగలిగే కోడు కాబట్టి తవ్వగలిగాడు.

ఈ కథ మాకు కొత్తది కాదు. అలసిపోయిన ఇంటికి సాయం పేరుతో వచ్చిన సావుకారి చేతుల్లోకే మా తాతల భూములు పోయాయి. మా గూడేలకు పెద్ద కథలన్నీ కీక్రి మీద వినిపించిన పర్ధాన్ ముసలాయన ఒక్కడే ఉండేవాడు. ఆయనతోనే కొన్ని కథలు పోయాయి. ఆయన ఉన్నన్నాళ్లు విని సంతోషించాం, పక్కన కూర్చుని నేర్చుకోలేదు.

వెళ్లే ముందు కుర్రాడు నెమ్మదిగా అన్నాడు: "సార్, చుట్టుపక్కల బడులన్నీ నాకే ఫోన్ చేస్తున్నయ్. రాత్రి పన్నెండుకు గూడ. నా కొలువు నాకుంది గదా." ఎక్కువ ఫోన్లు చేసినవాణ్ణి నేనే. నాకు సిగ్గనిపించింది.

ఫాంటు ఎక్కించడం ఆ మర్నాడే అతని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి కుదిరింది. తర్వాత మరో ఇద్దరు ఉపాధ్యాయులకు చూపించాను. పిల్లలతో, ముసలివాళ్లతో కలిసి గోండి మాటల పట్టిక రాస్తున్నాం. దాన్ని అందరికీ తెరిచి ఇవ్వాలా అన్నదానిపై గూడెంలో వాదన జరిగింది. "మన పాటలు పట్టుకుపోయి వాళ్ల పేర్లు వేసుకున్నోళ్లు లేరా?" అని ఒక పెద్దాయన అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. పంటల, పిట్టల, పనిముట్ల మాటలు గూడెం పేరుతో ఇద్దామని, పెర్సపేన్ పూజకు చెందిన మాటలు బయటపెట్టవద్దని పట్ల ముందు నిర్ణయించుకున్నాం. తెరవడం, మూయడం మా చేతిలో ఉంటేనే అది ఇవ్వడం అవుతుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన గూడేల్లో ఇలాంటి కుర్రాడు ఒక్కడుంటే అతన్ని మెచ్చుకుని ఊరుకోకండి. పక్కన కూర్చుని ఒక్క పనైనా నేర్చుకోండి. అతను రాని దండారికి కూడా మన అక్షరాలు కనిపించాలి.