తాతయ్య మంచమా, రైలు వంపా?

మా చిలకలూరిపేటకు రైలు లేదు. హైవే ఉంది, బస్సులున్నాయి, లారీలైతే లెక్కే లేదు. రైలెక్కాలంటే మాత్రం నరసరావుపేటో, గుంటూరో పోవాల్సిందే. అలాంటి ఊళ్లో, మా ఇంట్లో, ఒక రైలు పట్టాలు తప్పింది. అదీ ఒక్క సాయంత్రంలో పదకొండు సార్లు.

బొమ్మ రైలే లెండి. అయితే తిరనాళ్లలో కొనే ప్లాస్టిక్ బొమ్మ కాదు. నిజం ఇంజన్ని కొలతలు తప్పకుండా 87 వంతులు తగ్గించి చేసిన మోడల్. ఈ సైజును హెచ్‌ఓ స్కేల్ అంటారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న సెట్ కొన్నాను. ఆరడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ బల్ల మీద గుండ్రంగా తిరిగేది.

తాతయ్య రిటైరైన లారీ డ్రైవరు. పత్తి బేళ్లేసుకుని మద్రాసు దాకా వెళ్లొచ్చిన మనిషి. ఇప్పుడు చూపు తగ్గింది. నా చిన్న ఇంజన్ ఆయనకు సరిగ్గా ఆనేది కాదు. "బొగ్గింజనంటే ఇంతుండాలిరా" అని చేతులు బారజాపి చూపించేవాడు. నరసరావుపేట లైను మీటర్‌గేజ్‌గా ఉన్న రోజుల్లో ఆయన ఎక్కిన రైళ్ల జ్ఞాపకం అది. ఆ లైను 1990లలో బ్రాడ్‌గేజ్ అయింది. నేను పుట్టి ఊహ తెలిసేసరికి బొగ్గూ లేదు, పొగా లేదు.

అందుకే పెద్దది కొన్నాను. అమెరికాలో యూనియన్ పసిఫిక్ వాళ్ల 844 నంబరు ఇంజన్ మోడల్. అసలు ఇంజన్ 1944లో తయారైంది, టెండర్‌తో కలిపి 114 అడుగుల పొడవు. 87 వంతులు తగ్గించినా 40 సెంటీమీటర్లు! దాన్ని 4-8-4 అంటారు. ముందు 4 చిన్న చక్రాలు, మధ్యలో ఇంజన్ని లాగే 8 పెద్ద చక్రాలు, వెనక 4 చిన్నవి. కొలీగ్ ఒకతను అమెరికా నుంచి వస్తూ తెచ్చిపెట్టాడు. డబ్బు సంగతి ఇంట్లో సగమే చెప్పాను.

డబ్బా మీద ఒక లైన్ ఉంది: కనీస రేడియస్ 22 అంగుళాలు. నా బల్ల మీద వంపు 18. నాలుగంగుళాలే కదా అనుకున్నాను. మొదటి వంపులోనే ఇంజన్ పక్కకు ఒరిగింది.

"ఏందబ్బాయ్, ఇట్టా పడిపోయింది?" అన్నాడు తాతయ్య.

వంపులన్నీ పీకి 22తో వేశాను. నాలుగడుగుల బల్లలో అది పట్టడమే గగనం, అంచుకు మూడున్నర సెంటీమీటర్లే మిగిలింది. నెమ్మదిగా నడిపితే తిరిగింది. కాస్త స్పీడ్ పెంచినా, పట్టాల అతుకు వెంట్రుకవాసి తేడాగా ఉన్నా పడింది. పదకొండు సార్లు పడ్డది అప్పుడే. డబ్బా మీద రాసిన 'కనీసం' ఫోన్ గేముల 'మినిమమ్ రిక్వైర్‌మెంట్' లాంటిదని అర్థమైంది. ఓపెన్ అవుతుంది. ఆడగలమని గ్యారంటీ లేదు.

ఎందుకు పడుతుందో తాతయ్యే ముందు పట్టాడు. "పొడుగు లారీని మా సందులోకి తిప్పితే ఏమైద్ది? వెనక చక్రం లోపలికి కోసుకుపోద్ది. ఇదీ అంతే."

నిజంగా అంతే. పేటలో నూలుకు కొదవేముంది! ఒక దారం తెచ్చి, ఏడు సెంటీమీటర్ల పొడవున వంపు పట్టా లోపలి అంచుకు రెండు కొసలూ ఆనించి బిగించాను. ఇంజన్‌లో పెద్ద చక్రాల మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసుకు దూరం అంతకు పైనే. దారం తిన్నగా ఉంటుంది, పట్టా వంగి ఉంటుంది. మధ్యలో ఖాళీ 18 అంగుళాల వంపులో సుమారు 1.3 మిల్లీమీటర్లు, 22లో 1.1, 30లో 0.8. పట్టాల మధ్య చక్రాలు అటూ ఇటూ జరగడానికి ఉండే సందు మిల్లీమీటరు లోపే. అందుకే బిగుతు వంపులో చివరి చక్రాలు బయటి పట్టానూ, మధ్య చక్రాలు లోపలి పట్టానూ నెట్టి పైకెక్కుతాయి. ఇరుసులు కాస్త పక్కకు కదిలేలా, కొన్ని చక్రాలకు అంచే లేకుండా చేసి తయారీదారులు సర్దుతారు. ఎంతని సర్దుతారు?

రైల్వేలో వంపు కొలిచేదీ ఇలాగే. 20 మీటర్ల తాడు పట్టాకు ఆనించి, మధ్యలో ఖాళీ చూస్తారు. వర్సైన్ అంటారు దాన్ని. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగుతు వంపు 175 మీటర్ల రేడియస్. అక్కడ ఆ ఖాళీ 286 మిల్లీమీటర్లు. ఈ 175 మీటర్లను 87తో భాగించండి: రెండు మీటర్లు! అంటే గుండ్రంగా తిప్పడానికి నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. తిరగేసి చూస్తే, నా 18 అంగుళాల వంపు నిజంలో 40 మీటర్లు. నెరోగేజ్‌కు రైల్వే పెట్టిన హద్దు 44. డార్జిలింగ్ కొండల్లో అంతకన్నా బిగుతు వంపులున్నాయి, కానీ అక్కడి ఆవిరి ఇంజన్లు నాలుగే చక్రాల పొట్టివి.

అనుభవమున్నవాళ్లు ఒక సులువు లెక్క చెప్తారు. మీ దగ్గరున్న అతి పొడవైన బోగీకి మూడింతలు రేడియస్ ఉంటే నిశ్చింత. మన నీలం ఐసీఎఫ్ బోగీ ఈ స్కేల్లో 24.5 సెంటీమీటర్లు. మూడింతలంటే సుమారు 30 అంగుళాలు. నా ఇంజన్‌కూ అదే నయం. బల్ల వెడల్పు మాత్రం ఐదున్నర అడుగులు కావాలి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. గది పది బై పన్నెండు. అది తాతయ్య గది. ఐదున్నర అడుగుల బల్ల పడితే మంచం పట్టదు.

"నా మంచం వరండాలో ఏసుకుంటాలేరా. నీ రైలు తిరగనీ" అన్నాడాయన. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే భయమేసింది.

సిగ్గు విడిచి చెప్తున్నా, నేను టేపు తీసుకెళ్లి వరండా కొలిచాను. మంచం పడుతుంది. డిసెంబరు చివర. ఆ రాత్రి రెండింటికి ఆయన బాత్రూమ్‌కి లేచాడు. లైటు వేయలేదు. మంచం పట్టె, బీరువా, తలుపు, వరసగా తడుముకుంటూ నడిచాడు. ఆ నాలుగడుగులూ ఆయనకు చేతి లెక్క. మంచం జరిపితే ఆ లెక్కంతా పోతుంది. దారంతో పట్టాలన్నీ కొలిచిన నేను ఇదొక్కటీ కొలవలేదు.

పొద్దున్నే 30 అంగుళాల ఆలోచన మానేశాను. గుండ్రటి దారి మీద మళ్లీ 18 వంపులే వేసి, ఆరు చక్రాల చిన్న ఇంజన్‌కు ఇచ్చేశాను. అది పొట్టిది, గిరగిరా తిరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకూ ఇదే చెప్తాను. ముందు గది కొలవండి, తర్వాత వంపు, ఆ తర్వాతే ఇంజన్. నేను తలకిందులుగా చేశాను.

మరి 844? తాతయ్య మంచం పక్క గోడకు పదడుగుల చెక్క బిగించాను, పడుకుంటే కళ్లకు ఎదురుగా ఉండే ఎత్తులో. దాని మీద ఒకటే తిన్నటి పట్టా. వంపే లేదు. ఇంజన్ ఆ చివరికి పోయి, మళ్లీ ఈ చివరికి వస్తుంది. కంట్రోలర్ ఆయన దిండు పక్కనే.

"ఎక్కడికీ పోదేందిరా ఇది?" అన్నాడు మొదటిరోజు.

"మన ఊరికి రైలెక్కడిది తాతయ్యా, ఇదే ఎక్కువ" అన్నాను.

నవ్వి, నాబ్ తిప్పాడు. మొన్న వీడియో కాల్‌లో అమ్మ చెప్పింది, రాత్రి పడుకోబోయే ముందు రెండు ట్రిప్పులు వేస్తున్నాడట. ఇంతవరకూ ఒక్కసారీ పట్టాలు తప్పలేదు.