వ్రేలికి దక్కవలసిన చోటు

వ్రాయుట చేతిపనియే అయినను, అది చక్కగా సాగుచున్న వేళ వ్రాయువానికి తన చేతి మాట గాని, చేతిలోని పరికరము మాట గాని జ్ఞప్తికి రాదు. గంటమైనను, కలమైనను, టైపు యంత్రమైనను, నేటి ల్యాప్‌టాప్ కీబోర్డైనను ఆ మరపును కలిగింపగలిగినప్పుడే మంచి పరికరమని నా అభిప్రాయము. మీటను నొక్కితినా లేదా, నొక్కినది పడినదా లేదా, ఒకటి పడవలసిన చోట రెండు పడినవా అని కన్ను మాటిమాటికి తెరమీదికి పరుగెత్తవలసి వచ్చినచో, చెప్పదలచిన వాక్యము మనసులోనే చెదరిపోవును. చెదరిన దానిని మరల కూర్చుకొనుటలో మొదటి బిగువు రాదు. అందువలననే, ల్యాప్‌టాప్ కొనబోవువారు ప్రాసెసరు వేగమును, తెర కాంతిని, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచుననుటను ముందుగా విచారించి, కీబోర్డును గూర్చి అడుగకయే ఇంటికి తెచ్చుకొనుట నాకు సబబుగా తోచదు. తక్కిన భాగములలో పెక్కు లోపల దాగి పనిచేయునవి. దినమంతయు మనిషి చేతి తాకిడిని భరించునది ఇది.

2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి సభావేదికపై స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులో నుండి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను వెలికి తీసి చూపినది మొదలు, పలుచదనమే ల్యాప్‌టాప్‌నకు ప్రథమ సౌందర్యలక్షణముగా చెల్లుబడి కాజొచ్చెను. అంతకుమున్ను ఆ బరువును భుజమున వ్రేలాడవేసికొని బస్సులలో, రైళ్లలో తిరిగినవారికి అది నిజమైన ఉపకారమే గాని ఒట్టి వేడుక కాదు. అయితే ఏ వస్తువును పలుచన చేయబూనినను, తరుగుదల ఎక్కడనో ఒకచోట పడవలెను గదా! తెరను పలుచన చేయవచ్చును. తిరుగుడు డిస్కును తీసివేసి చిప్పులను నిలుపవచ్చును. బ్యాటరీని పలకలుగా పరవవచ్చును. ఇవన్నియు ఏండ్లు గడచినకొలది చిన్నవగుటకు ఒప్పుకొనినవి. మనిషి వ్రేలు మాత్రము ఒప్పుకొనలేదు. దాని ఎముక, దాని కండ, దాని కొసనున్న స్పర్శజ్ఞానము తాతలనాడు ఎట్లుండెనో నేడును అట్లే యున్నవి. వ్రేలు ఒక మీటను నమ్మవలెనన్న ఆ మీట కొంత దూరము దిగవలెను. దిగుచు దిగుచు నడుమ ఒకింత ఎదిరించి లొంగవలెను. లొంగిన సంగతిని వ్రేలికి తెలిపి మరల పైకి లేవవలెను. ఐబీఎం సంస్థ 1985 ప్రాంతమున వెలువరించిన మోడల్ ఎం కీబోర్డులో ప్రతి మీట క్రిందను ఒక స్ప్రింగు నిలువుగా నిలిచియుండి, నొక్కుడు ఒక మేరకు చేరగానే ప్రక్కకు వంగి టక్కుమనును; మీట పనిచేసిన క్షణమును, చెవికి ఆ చప్పుడు వినవచ్చిన క్షణమును ఒక్కటియే. అందులో మీట దిగు లోతు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల నడుమ నుండును. అట్టి కీబోర్డులు నేటికిని కొందరి బల్లలమీద పనిచేయుచునే యున్నవి.

ల్యాప్‌టాప్‌లో అంత లోతునకు తావు లేదు. అందుచేత ప్రతి మీట క్రిందను రెండు చిన్న ప్లాస్టిక్ చట్రములను ఒకదానికొకటి అడ్డముగా దాటునట్లు కూర్చి, నడుమ చీలవలె బిగించి, కత్తెర ఏర్పాటును చేసిరి. దాని నడిబొడ్డున ఒక రబ్బరు గుబ్బ యుండును. నొక్కినపుడు ఆ గుబ్బ కుంగి దిగువ పొరలోని విద్యుత్సంధానమును కలుపును. వదలగానే ఉబికి మీటను పైకెత్తును. గుబ్బ మెత్తనిది, చుట్టును కొంత ఖాళీ కలది. ధూళిరేణువొకటి లోపలికి చొరబడినను ఆ ఖాళీలో ఏ మూలనో పడియుండును గాని సాధారణముగా పని ఆగదు. చూచువానికి వ్యర్థముగా తోచు ఆ ఖాళీయే ఆ ఏర్పాటునకు ఆయువుపట్టు. యంత్రనిర్మాతలు ఎప్పుడో ఒకప్పుడు దానిపై కన్ను వేయక మానరు. పలుచన చేయదలచినవారికి ఖాళీ కంటె సులభముగా దొరకునది మఱేమున్నది?

2015 మార్చిలో ఆపిల్ సంస్థ 12 అంగుళముల మ్యాక్‌బుక్‌ను ప్రకటించినపుడు జరిగినది ఇదియే. అందులో కత్తెరకు మారుగా సీతాకోకచిలుక ఏర్పాటును ప్రవేశపెట్టిరి. నడుమ అతుకబడిన రెండు రెక్కలు మీటను మోయును; రబ్బరు గుబ్బ స్థానమున పలుచని ఉక్కు గుబ్బ యుండును. ఈ విధానము కత్తెర కంటె 40 శాతము పలుచనిదని నాడు చెప్పిరి. యంత్రము మొత్తము మందము 13.1 మిల్లీమీటర్లు. మీట దిగు లోతు ఇంచుమించు అర మిల్లీమీటరు. ఈ ఏర్పాటునందు ఒక గుణము నిజముగా నున్నదని ఒప్పుకొనవలెను: మీట అంచున నొక్కినను ఒరగిపోక, నాలుగు మూలలును సమముగా దిగును. 2016 అక్టోబరులో ఇదే ఏర్పాటును కొంత మార్చి మ్యాక్‌బుక్ ప్రో యంత్రములలోను చేర్చిరి. దినమునకు పది పన్నెండు గంటలు టైపు చేయు ప్రోగ్రామర్లు, పత్రికారచయితలు, సంపాదకులు వాడునవి అవియే కాన, మీటల మొరాయింపుపై తగవు అక్కడ ముదిరినది.

అర మిల్లీమీటరు మాత్రమే దిగు మీట క్రింద ఇంచుమించు అంతటి రేణువే చేరినచో ఆ మీటకు దిగుటకు చోటే లేకపోవును. రొట్టెముక్క పొడియైనను, గోటి అంచున రాలిన చర్మపు తునుక యైనను, వేసవిగాలికి కిటికీలో నుండి వచ్చిపడిన ఇసుకనలుసైనను చాలును. రేణువు ఒక తీరున కూర్చున్నచో మీట దిగియు అక్షరము పడదు. మఱియొక తీరున కూర్చున్నచో ఉక్కు గుబ్బ సరిగా తాకక వణకి, ఒక్క నొక్కునకు రెండక్షరములు పడును. ఇంకొక తీరున మీట దిగి లేవక అంటుకొనిపోవును. వెలుపలి నుండి చూచిన కంటికి ఏమియు కనబడదు. మీటను ఊడదీసి శుభ్రపరతమన్నచో, దానిని పట్టియుంచు కొక్కెములు గోరు తగిలిన మాత్రమున విరుగునంత సన్ననివి.

ఇంగ్లీషున ఒకటి రెండు అక్షరములు లోపించినను పాఠకుడు ఊహించుకొని చదువుకొనగలడు. 2019 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో జొయానా స్టెర్న్ ఈ బాధను లోకమునకు తెలుపుటకై ఇ, ఆర్ అక్షరములు లోపించిన వ్యాసమునే ప్రకటించినపుడు చదువరులు కొంత తడుముకొనియైనను చదివిరి. తెలుగునకు ఆ వెసులుబాటు లేదు. భారతీయ ప్రమాణముగా 1991లో స్థిరపడిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎడమచేతి నడిమివ్రేలి క్రింద, ఇంగ్లీషు డి అక్షరమున్న మీటపై పొల్లు కొలువుండును. మన ద్విత్వములు, సంయుక్తములు ఇంచుమించు అన్నియు ఆ ఒక్క మీటను ఆశ్రయించియే యున్నవి. అది మొరాయించినచో అమ్మ అమమ అగును, అక్క అకక అగును, తమ్ముడు తమముడు అగును, కష్టము కషటము అగును. రెండు పొల్లులు కావలసిన స్త్రీ సతరీ యగును. తెలుగు పుటలో సంయుక్తాక్షరము లేని పంక్తి అరుదు కాన, ఆ ఒక్క మీట చెడినచో పుట మొత్తము చెడినట్లే. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు టైపు చేసికొనువారి కష్టము మఱియొక విధమైనది, నా దృష్టిలో మఱింత ప్రమాదకరమైనది. వారికి ఏ అను మీట ఒకమారు పడినచో హ్రస్వము, రెండుమారులు పడినచో దీర్ఘము. మీట వణకి రెండుగా పడినచో కలము కాలమగును, పట పాటయగును. పడవలసిన రెండవ నొక్కు పడనిచో కాలము కలమగును. పొల్లు పోయిన మాట తప్పని కంటికి తెలియును. ఇక్కడ తప్పుమాట కూడ ఒప్పుమాట వేషముననే నిలిచియుండును, అక్షరదోషములను పట్టు సాఫ్ట్‌వేరునకు సైతము చిక్కదు. వ్రాసినవాడు తాను వ్రాసిన దానినే అనుమానించుచు చదువుకొనవలసి వచ్చును. యంత్రము తెచ్చిపెట్టిన దోషము తెలుగు రాని తనముగా అచ్చున కెక్కుట ఎంత అన్యాయము!

ఈ దోషమునకు తొలుత ఆపిల్ సంస్థ చెప్పిన చికిత్స సరళమైనది: యంత్రమును 75 డిగ్రీల కోణమున నిలిపి పట్టుకొని, డబ్బాలోని గాలిని మీటలమీద ఎడమ నుండి కుడికి చిమ్మి, యంత్రమును త్రిప్పి మరల చిమ్మవలెను. కొందరికి ఫలించెను, కొందరికి లేదు. 2018 మే నెలలో కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయస్థానమున వినియోగదారుల తరఫున వ్యాజ్యము దాఖలయ్యెను. మరుమాసమునందే సంస్థ ఒక సేవాపథకమును ప్రకటించి, కొన్న నాటి నుండి నాలుగేండ్ల వరకు ఈ కీబోర్డులను ఉచితముగా బాగుచేసి యిత్తుమనెను. జులైలో వచ్చిన కొత్త యంత్రములలో మీటల క్రింద పలుచని సిలికోన్ పొర కనబడెను. అది చప్పుడు తగ్గించు మార్పుగా ప్రచారమందెను గాని, యంత్రమును విప్పి పరిశీలించిన ఐఫిక్సిట్ వారు దుమ్మును నిలువరించుటయే దాని అసలు పనియని తేల్చిరి. 2019 మేలో మీటల లోపలి పదార్థమును మరల మార్చిరి. ఆ సంవత్సరము నవంబరులో వెలువడిన 16 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోలో కత్తెర తిరిగి వచ్చెను. మీట దిగు లోతు 1 మిల్లీమీటరు. 2020 మే నాటికి తక్కిన నమూనాలన్నియు అదే దారి పట్టినవి. నాలుగున్నర ఏండ్ల పరిశ్రమ అనంతరము వ్రేలికి దక్కినది అదనముగా అర మిల్లీమీటరు. దానితోనే తగవు చాలవరకు సద్దుమణగినది.

వ్యాజ్యమున 2022 జులైలో 5 కోట్ల డాలర్ల రాజీ కుదిరెను. తప్పు చేసితిమని సంస్థ ఒప్పుకొనలేదు. కీబోర్డు భాగమును రెండు మారులో అంతకు మించియో మార్పించుకొనినవారికి 395 డాలర్ల వరకు వచ్చునని నిర్ణయించిరి గాని, అది కాలిఫోర్నియా, న్యూయార్క్ మున్నగు ఏడు అమెరికా రాష్ట్రములలో కొన్నవారికే. అదే యంత్రమును హైదరాబాదులోనో విజయవాడలోనో సొమ్ము చెల్లించి కొన్నవానికి సేవాపథకము దక్కెను గాని పరిహారము దక్కలేదు. ఇక్కడి ధూళి అక్కడి ధూళి కంటె ఎక్కువే గాని తక్కువ కాదు.

మీట క్రింది ఏర్పాటు కంటె నాకు పెద్ద దోషముగా తోచునది మఱియొకటి కలదు. ఈ మ్యాక్‌బుక్ ప్రో యంత్రములలో కీబోర్డును పైకప్పునకు రివెట్లతో బిగించి, ఆ పైకప్పునకే బ్యాటరీని జిగురుతో అంటించిరి. అందుచేత ఒక్క మీట చెడినను తరచుగా పైకప్పు, కీబోర్డు, బ్యాటరీ సమస్తమును కలిపి మార్చవలసి వచ్చెను. తలుపు గడియ చెడినందుకు గోడను పడగొట్టినట్లే గదా! ఇది ఒక్క సంస్థ అలవాటు కాదు. నేడు పలుచని ల్యాప్‌టాప్‌లలో పెక్కింటి తీరు ఇట్లే యున్నది. అనువాదవృత్తిలోనున్న మిత్రుని ల్యాప్‌టాప్‌ను, మఱియొక సంస్థ చేసిన దానిని, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోని ఒక బాగుచేయు కొట్టునకు తీసికొనిపోయినపుడు, అక్కడి యువకుడు అడుగు మూతను విప్పి, బోర్డును తొలగించి, కీబోర్డు వెనుకభాగమును మాకు చూపించెను. నల్లని రేకుమీద ఆవగింజలంతటి ప్లాస్టిక్ బొడిపెలు వరుసలు వరుసలుగా నున్నవి. ప్రతి బొడిపె తలను కాల్చి కరిగించి రేకునకు అదిమినారు. మరమేకు ఒక్కటియు లేదు. ఆ యువకుడు వ్రేలితో ఒక వరుసను చూపుచు, “కీబోర్డు దొరుకుతది సార్, దాన్ని కూర్చోబెట్టుడే కష్టం. ఈ బొడిపెలన్నీ చెక్కి తియ్యాలె, కొత్తది పెట్టినంక మళ్లా కరిగించి అతికియ్యాలె. ఎన్నాళ్లు నిలుస్తదో నేను చెప్పలేను” అనెను. ఆ మాటలో దాపరికము లేదు. పనితనమునకు లోటు లేని ఆ చేతికి పని చేయు చోటు లేకుండ చేసినది యంత్రమును గీసిన వారు.

పాత థింక్‌ప్యాడ్ యంత్రములు ఇట్లు గావు. అడుగుభాగమున కొన్ని మరమేకుల ప్రక్కన చిన్న కీబోర్డు బొమ్మను అచ్చువేసియుంచెడివారు; ఆ గుర్తున్నవానిని విప్పినచో కీబోర్డు పైకి లేచివచ్చును, రిబ్బను వంటి తీగను ఊడదీసి కొత్తదానిని అమర్చినచో పని ముగియును. టీ ఒలికినను దిగజారిపోవుటకు రంధ్రములుండెడివి. మనుష్యులు తినుచు, త్రాగుచు, చెమటచేతులతో పనిచేయుదురని ముందుగానే ఎరిగి గీసిన యంత్రమది. మన ఊళ్లలోని డీటీపీ కేంద్రములలో అక్షరములు పూర్తిగా చెరిగిపోయిన బల్లమీది కీబోర్డులపై ఆపరేటర్లు చూడకుండగనే పుటలకు పుటలు కూర్చుట ఎవరైనను చూచియే యుందురు. అట్టి కీబోర్డు చెడినచో కొన్ని వందల రూపాయలతో మఱియొకటి తెచ్చి తీగ తగిలించి, నిలిచిన వాక్యమును నిలిచిన చోటనే మరల అందుకొందురు.

సీతాకోకచిలుక ఏర్పాటు గల చివరి యంత్రములకు సైతము నాలుగేండ్ల గడువు ఇప్పుడు తీరినది. వానిలో పెక్కింటికి తెర చెక్కుచెదరలేదు, ప్రాసెసరు పని తప్పలేదు. విద్యార్థి చదువుకైనను, విశ్రాంత ఉపాధ్యాయుని వ్రాతకైనను ఇంకను కొన్నేండ్లు పనికివచ్చునవి. మీటలు నమ్మదగనివైనందున వానిని చౌకగా వదిలించుకొనుచున్నారు, లేదా వెలుపలి కీబోర్డొకటి తగిలించి, పలుచదనముకై కొన్నదానిని రెట్టింపు సామగ్రితో వాడుకొనుచున్నారు. కొత్తది కొనబోవువారు అంగడిలో నిలుచుండియే నాలుగు పంక్తులు తెలుగు టైపు చేసి చూడవలెను. అంతకంటె ముఖ్యముగా, కీబోర్డు ఒక్కదానిని విడిగా మార్చుటకు వీలున్నదా, వీలున్నచో ఎంత యగును, ఎన్నేండ్ల వరకు దొరకును అని అమ్మువానిని అడిగి, సమాధానము రసీదు వెనుక వ్రాయించుకొనవలెను.