షాదీ రుఖాతో పడవ

మా మామూ షార్జాలో 18 ఏళ్లు పడవలకి వెల్డింగ్ చేశాడు. చెక్క పడవలు కావు, అల్యూమినియం తఖ్తాలవి. ఇప్పుడు శ్రీకాళహస్తిలో ఇళ్లకీ దుకాణాలకీ కిటికీ ఫ్రేములు బిగిస్తాడు. ఊళ్లో ‘కిటికీల భాయ్’ అంటారు. ఆయనకి ఫరక్ పడదు, నాకే గుచ్చుకుంటుంది.

మొన్న రంజాన్‌లో, ఇఫ్తార్ అయ్యాక, నా కొడుకు పడవ చేసిమ్మని మారాం చేశాడు. మామూ ఒక పాత షాదీ రుఖా తెచ్చాడు. తన కూతురి నికాహ్‌ది, పంచగా మిగిలిన కట్టలోది. కత్తెరతో అడుగుకి రెండు ముక్కలు, పక్కలకి రెండు, వెనక్కి ఒకటి కోశాడు.

“చూడు బేటా, అట్ట ఒక వైపుకి బాగా వంగింది కదా. అలాగే పట్టుకుని అడ్డంగా కూడా వంచు.”

వాడు వంచబోతే మడత పడింది.

“తఖ్తా కూడా ఇంతే. రోటీ పిండి కాదు, సాగదు. గుండ్రటి టోపీని ఒకే ముక్కలో కుడతామా? ముక్కలు ఎక్కడ కోయాలో నక్షా గీసేవాడికి ముందే తెలియాలి. వాడికి తెలియకపోతే సుత్తి పట్టుకుని ఏడ్చేది మేము.”

ఉర్దూ మీడియంలో మాకు తఖ్తా అంటే నల్లబల్ల. ఇన్నేళ్లూ మామూ పని గురించి నాకు తెలిసింది ఆయన పంపిన డబ్బులూ, తెచ్చిన అత్తరు సీసాలే. ఇంతమందిని ఇంటర్వ్యూ చేశాను, ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. ఆ రాత్రి తరావీహ్ తర్వాత నోట్‌బుక్ తీశాను.

ఇనుము కాలితే ఎర్రబడుతుంది, ముందే చెబుతుంది. అల్యూమినియం రంగు మారదు. 660 డిగ్రీలకి చెప్పాపెట్టకుండా కరిగి జారిపోతుంది. పైన కంటికి కనపడని పొర మాత్రం 2000 దాటితే గానీ కరగదు. అందుకే అతికే ముందు స్టీలు బ్రష్‌తో రుద్దాలి. ఇనుముని ముట్టిన బ్రష్ దానికి హరామ్! కాసేపు ఇటు, కాసేపు అటు అతకాలి, ఒకే వైపు లాగిస్తే తఖ్తా మెలితిరుగుతుంది. అడుగున రాగి నాణెం పడినా ఉప్పునీళ్లలో అది పడవని తినేస్తుంది. ఇనుములో మూడో వంతే బరువు కాబట్టి ఇంత నఖ్రా భరిస్తారట.

తిరిగొచ్చిన కొత్తలో ఒక చిన్న పడవ కడతానన్నాడు. నక్షా గీశాడు, తఖ్తాలకి డబ్బు కూడబెట్టాడు. మొహల్లాలో నవ్వారు. స్వర్ణముఖిలో ఏడాదంతా ఇసకే, పడవెందుకు మియా అని. “నూహ్ పైగంబర్‌ని చూసీ నవ్వారు” అంది అమ్మీ. “తౌబా కర్ ఆపా, ఆయనెక్కడ నేనెక్కడ” అని మామూ చెవులు పట్టుకున్నాడు. సూరె ఖమర్‌లో ఆ నౌకని తఖ్తాలూ మేకులూ ఉన్నదని చెప్పడం మాత్రం ఆయనకి చాలా ఇష్టం. కారీగర్ కళ్లకి మిగతాదంతా తర్వాత.

తఖ్తాల డబ్బు కూతురి నికాహ్‌లో అయిపోయింది. 2021 నవంబర్ వరదలో స్వర్ణముఖి ఒడ్లొరుసుకుని పారింది. ఫజర్ నుంచి జొహర్ దాకా మామూ గట్టు మీదే నిలబడ్డాడట. నేను వరద వార్తలు పంపే హడావుడిలో ఉన్నాను.

ఈద్ అయ్యాక పని మీద కొచ్చి వెళ్లాను. అక్కడ 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో పడవలు అల్యూమినియంవే. జెట్టీ మీంచి మామూకి వీడియో కాల్ చేశాను.

“కిటికీలు కాదురా, కింద చూపించు. రెండు తఖ్తాలు కలిసేచోటు.”

ఫోన్ కిందికి తిప్పాను. ఆయన ముఖం తెరకి బాగా దగ్గరగా వచ్చింది.

“రంగేశారు. చేత్తో తడిమి చూడు.”

వంగి తడిమాను.

“అతుకు తగిలిందా?”

“లేదు మామూ, సాఫ్‌గా ఉంది.”

“ఇంకొంచెం ముందుకి పో.”

వెనకున్నవాళ్లు ఎక్కమని తొందరపెడుతున్నారు. నేను చెయ్యి తియ్యలేదు.