నన్నెందుకు లేపలేదు

మన పత్రికలో పెండ్లిండ్ల సంగతులు, మార్కండేయ రథం సంగతులు, పింఛన్ సంగతులు ప్రతి నెలా చదువుతుంటాను. ఇంట్లో మాట బయట రాయడం ఎందుకని ఏడాది పైన ఆగినాను. మా పేటలో ఇది అందరికీ తెలిసిందే, తెలియనట్టు ఉంటారు అంతే. ఇక దాచేదేముంది. నేను షోలాపూర్‌లో తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే సర్దుకొని చదవండి.

1972 దుష్కాళం మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేషన్‌లో ఎర్ర మిలో జొన్నలు ఇచ్చేవాళ్లు. ఆ రొట్టె నోట్లో తిరిగేది కాదు. ఊళ్ల నుంచి వచ్చిన జనం రోడ్ల పనికి పోయి కంకర కొట్టేవాళ్లు, వాళ్లకు అక్కడ సుకడీ పెట్టేవాళ్లు. మా నాయిన మిల్లులో సాంచా ఖాతాలో పని చేసేవాడు. పగార్ వచ్చిన రోజు ఇంటికి వచ్చేది సగమే, మిగిలింది దారిలో తాగుడికి పోయేది. మా నాయిన చెడ్డవాడు కాదని రాయాలని నాకు ఉంది. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకొని సిద్ధేశ్వర్ జాతరకు తీసుకపోయినవాడు. కాని అమ్మను కొట్టేవాడు. మిల్లు నుంచి తెచ్చిన పాత నాడె ఒకటి మా ఇంట్లో మేకుకు వేలాడుతుండేది. దాని రెండు కొనలకు ఇనుప మొనలు ఉంటాయి, సాంచాల మీద పని చేసినవాళ్లకు తెలుసు. అది ఎందుకు వేలాడుతుందో పిల్లలం మాకు కూడా తెలుసు.

అప్పటికి అక్కకు పన్నెండు, నాకు తొమ్మిది. తమ్ముడు పాలు తాగేవాడు. ఒక పొద్దున మొదటి పాళీ భోంగా అయింది, నాయిన పనికి పోయినాడు. మేము లేచేసరికి అమ్మ లేదు, తమ్ముడు లేడు. గంపలో గుడ్డ కప్పి రొట్టెలు ఉన్నాయి. అక్క లెక్క పెట్టింది, ఆరు. నీళ్లకు పోయిందేమో అనుకున్నాము. మధ్యాహ్నం దాటినాక అక్క ఆ రొట్టెలను మళ్లీ లెక్క పెట్టింది. ఇద్దరం కలిసి ఒకటే తిన్నాము, మిగిలినవి అమ్మకు ఉండనీ అన్నది అక్క.

ఆ తరువాతది తొందరగా చెప్తాను. నాయినమ్మ ఊరి నుంచి వచ్చి రెండేండ్లు ఉండి చనిపోయింది. నా బడి అయిపోయింది, ఇంట్లో కూర్చొని కండెలు చుట్టినాను. అక్క చాట ఒళ్లో పెట్టుకొని బీడీలకు కూర్చున్నది. రోజుకు వెయ్యి బీడీలు, అంటే నలభై కట్టలు. చిన్న పిల్ల ఎక్కడ చేస్తుంది? ఏడెనిమిది వందలు అయ్యేవి, వాటిలో చెకింగ్‌లో తీసేసేవి తీసేసేవాళ్లు. అమ్మ భివండిలో ఉందని, అక్కడ ఒకరితో మారుమనువు పోయిందని రెండు మూడేండ్లకు తెలిసింది. అది తెలిసినాక అక్కకు వచ్చిన రెండు సంబంధాలు తప్పిపోయినాయి. మూడోది కుదిరితే, పీటల మీద తల్లి చేయాల్సిన పనులు మేనత్త చేసింది. నా పెండ్లిలో అక్క చేసింది. నాయిన 1988లో పోయినాడు. నేను మిల్లులో వైండింగ్ ఖాతాలో బదిలీ కింద చేరి, మిల్లు మూతబడ్డాక టవల్ కార్ఖానాలో చేసి, అరవై నిండినాక మానుకున్నాను.

2023లో దీపావళి ముందర ఒక ఫోన్ వచ్చింది. "వదినే, నేను మీ తమ్ముని భార్యను" అన్నది. నాకు ఒక తమ్ముడున్నాడన్న మాట అన్నేండ్లకు మొదటిసారి బయటివాళ్ల నోటి నుంచి విన్నాను. తమ్ముడు 2021లో కరోనాలో పోయినాడట. నాలుగు సాంచాలుండేవి, అమ్ముకున్నారట. అమ్మ ఉంది. కిందపడి తుంటి నొప్పితో లేవలేకపోతుంది, కండ్లు సరిగా అవుపడవు. "నేను పొద్దున పోతే రాత్రికొస్త. ఇంట్ల ఒక్కతే ఉంటది. మీరు కూడ బిడ్డలే గద వదినే" అన్నది. ఏడవలేదు, గట్టిగా అడగలేదు. చెప్పి పెట్టేసింది.

అక్క ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతల. పోయి చెప్పినాను. అక్క బీడీ చుట్టడం ఆపలేదు. "మనం బిడ్డలమని యాభై ఏండ్లకు యాదికొచ్చిందా" అన్నది. కొంచెంసేపటికి, "నేను పెండ్లి గాకముందే తల్లినైన. నిన్ను సాదిన. ఇంకొకర్ని సాదే ఓపిక నాకు లేదు" అన్నది. దానికి నేనేం చెప్పాలి? నాకు తల వేసింది అక్కనే, నాకు జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకపోయింది అక్కనే. అక్క మాట తప్పని నేను ఇప్పటికీ అనను.

అయినా సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసినాను. రాత్రి బండి. చిన్న కొడుకు వెంట వచ్చినాడు. తెల్లవారుజామున కళ్యాణ్‌లో దిగి, అక్కడి నుంచి భివండికి పోయినాము. పద్మానగర్‌లో దిగితే మన షోలాపూర్ తూర్పు పేటలకు వచ్చినట్టే ఉంది, దుకాణాల మీద తెలుగు, నోళ్లలో తెలుగు. గల్లీ అంతా సాంచాల హోరు. ఒక్క గది ఇల్లు. గోడ వెనకనే కార్ఖానా, గోడ మీద చెయ్యి పెడితే అదురుతుంది.

అమ్మ మంచం మీద కూర్చొని ఉంది. ఇంత చిన్న మనిషి అనుకోలేదు. నా మనసులో ఆమె పొడుగ్గా ఉండేది. నేను మాట్లాడితే వినపడలేదు. సాంచాల దగ్గర బతికి చెవులు పూర్తిగా పోయినాయి. మన చదువరులకు చెప్పనక్కర్లేదు, ఆ హోరులో పని చేసినవాళ్లం పెదవులు చూసి మాట పట్టుకుంటాము, చేతులతో జవాబు చెప్తాము. ఆమెకు చూపు తక్కువ కాబట్టి దగ్గరికి పోయి మొగం ముందర మొగం పెట్టి, గొంతు లేకుండా పెదవులతో "షోలాపూర్" అన్నాను.

చాలాసేపు చూసింది. "పెద్దదానివా, చిన్నదానివా?" అని అడిగింది.

"చిన్నదాన్ని."

"పెద్దది రాలేదా?"

"రాలేదు."

"రాదు" అన్నది. తరువాత మరదలితో చాయ్ పెట్టమన్నది.

కౌగిలించుకోవడాలు, ఏడుపులు ఏమీ కాలేదు. ఏడుపొస్తుందని రైలులో కొంగు సర్దుకుంటూ పోయినదాన్ని నేనే. చాయ్ తాగినాక అడిగినాను, ఎందుకు పోయినవని. చెంప మీది వెంట్రుకలు పక్కకు తీసి చూపించింది. చెవి వెనక గీత ఉంది. నాడె అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "ముగ్గురిని పట్టుకొని యాడికి పోదు? టికెట్‌కు పైసలు యాడియి? పాలు తాగేటోన్ని ఎత్తుకున్న" అన్నది. ఒక్కసారన్నా వచ్చి చూడాలని అనిపించలేదా అంటే, "అనిపించింది. మీ నాయిన ఉన్నన్ని రోజులు భయం. ఆయన పోయినంక సిగ్గు" అన్నది. తప్పయిందని అనలేదు. నేను ఆ మాట కోసం మూడు రోజులు అక్కడ ఉన్నాను. అనలేదు.

అప్పుడు ఆమెను షోలాపూర్‌కు ఎందుకు తెచ్చినావని చాలామంది అడిగినారు. కన్నతల్లి గనుక అని చెప్తే వాళ్లకు నచ్చుతుంది, కాని అది అబద్ధం. నేను మరదలి చేతులు చూసి తెచ్చినాను. ఆమె కార్ఖానాలో బట్టకు దారాలు కత్తిరించే పని చేస్తుంది. కత్తెర పట్టిన వేలు వంకర పోయింది. పొద్దున నాలుగింటికి లేచి అమ్మకు బట్టలు మార్చి, గంజి తాగించి, పక్కన నీళ్లు పెట్టి, బయట గొళ్లెం పెట్టి పనికి పోతుంది. ఇద్దరు పిల్లల చదువు. మొగుడు లేడు. ఆ ముసలామె ఆమెకు ఏమవుతుంది? నన్ను కన్నది, ఆమెను కనలేదు. ఇరవై రెండేండ్ల నుంచి చూస్తున్నది ఆమె. అమ్మకు నేను బాకీ లేను, అక్క చెప్పింది నిజమే. మరదలికి మాత్రం బాకీ పడ్డాము మేమిద్దరం. నాకు అట్లా అనిపించింది.

మాది ఒక గది, వంటిల్లు. కోడలు మొదట ఏమీ అనలేదు, తరువాత "అత్తమ్మా, ఎన్ని రోజులు?" అన్నది. అడగడం న్యాయమే. ఎండాకాలం దాకా అన్నాను. ఎండాకాలం వచ్చి పోయింది. ఇప్పుడు కోడలే ఆమెకు తల దువ్వుతుంది. ఇద్దరూ టీవీలో మరాఠీ సీరియల్ చూస్తారు, ఒకరికి వినపడదు, ఒకరికి ఓపిక లేదు.

అక్క పది రోజులు మా గల్లీ తొక్కలేదు. పదకొండో రోజు బీడీలు అప్పజెప్పి వస్తూ, ఆకు సంచి చేతిలోనే ఉండగా గుమ్మంలోకి వచ్చింది. అమ్మ ముందర కింద కూర్చున్నది. అక్కకు పెదవుల మాట రాదు, బీడీల మనిషికి ఎట్లా వస్తుంది. నేను చెప్తాను, ఏమడగాలి అన్నాను. వద్దన్నది. తనే అరిచి అడిగింది.

"నన్నెందుకు లేపలేదు?"

అమ్మకు వినపడలేదు. అక్క ఇంకా గట్టిగా అరిచింది. పక్కింటివాళ్లు తలుపులోకి వచ్చి నిలబడ్డారు. అన్నేండ్లు గొంతులో పెట్టుకున్న మాట పేటంతా వినేటట్టు మూడుసార్లు అడగాల్సి వచ్చింది అక్కకు. నాకు ఆమె మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు. మూడోసారికి అమ్మ అందుకున్నది.

"లేపితే నేను పోకపోదును" అన్నది.

"అందుకే అడుగుతున్న" అన్నది అక్క.

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. పక్కింటివాళ్లను పొమ్మని నేను చెయ్యి ఊపినాను. అక్క లేచి, కింద పడిన బీడీ ఆకులు ఏరి సంచిలో వేసుకొని పోయింది. ఆ తరువాత ఇంకేం అడగలేదు, ఇప్పటికీ లోపలికి రాదు.

నాకు ఆ జవాబు రాత్రులు గుర్తుకొస్తుంది. అక్క లేచి ఉంటే అమ్మ పోయి ఉండేది కాదు. పోకుంటే ఆ నాడె మళ్లీ లేస్తుండె. అప్పుడు మాకు అమ్మ ఉండేదో, లేకపోయేదో. నేను ఇటు తిప్పి అటు తిప్పి చూసినాను, నాకు లెక్క తేలదు. అక్కకు లెక్క ఎప్పుడో తేలింది. ఆమె గంపలో రొట్టెలు రెండుసార్లు లెక్క పెట్టిన మనిషి.

మధ్యలో ఇంకొక సంగతి. అమ్మకు ముసలివాళ్ల పింఛన్ కోసం తహశీల్ ఆఫీసుకు తిరిగినాము. ఆధార్ భివండిది, మేము షోలాపూర్, అడ్రస్ మార్పించడానికే రెండు నెలలు పట్టింది. ఇట్లాంటి పని పెట్టుకున్నవాళ్లు ముందు ఆధార్ సరిచేయించుకొని పోండి, లేకుంటే ఊరికే తిప్పుతారు. ఆ పథకం పేరు శ్రావణ్ బాళ్. తల్లిదండ్రులను కావడిలో మోసిన కొడుకు పేరు. ఆ సంగతి అక్కకు చెప్తే మొదటిసారి నవ్వింది. "బిడ్డల పేరు మీద ఒకటి పెట్టుమను, మనిద్దరం పోదాం" అన్నది. మరదలు నెలకొకసారి ఫోన్ చేస్తుంది. పండుగకు పిల్లలను తీసుకొని వచ్చింది. వాళ్లలో చిన్నవాడు అచ్చం మా నాయిన. నాకు కడుపులో దేవినట్టయింది, ప్రేమ కూడా కలిగింది.

అక్క లోపలికి రాదు గాని, శనివారం శనివారం మనుమనితో రొట్టెలు పంపుతుంది. మొదట్లో కడక్ రొట్టెలు పంపింది. అమ్మకు పండ్లు లేవని తెలిసే పంపింది, నాకు తెలుసు. నేను వాటిని పప్పులో నానబెట్టి పెట్టేదాన్ని. పోయిన నెల నుంచి మెత్తటివి వస్తున్నాయి, శేంగ చట్నీ కూడా మెత్తగా దంచి. నేనేం అడగలేదు.

మొన్న అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకొని, ఎవరు చేసినారని అడిగింది. పెదవులతో చెప్పినాను, అక్క అని. కొంచెంసేపు నమిలింది.

"మందం చేసింది" అన్నది. "చిన్నప్పుడు గూడ గింతే."

ఆ మాట నేను అక్కకు చెప్పలేదు.