స్కీలా, బూట్లా?

గుల్మార్గ్‌లో రెండు చలికాలాలు అద్దె స్కీలతోనే గడిచాయి. మలుపులు వచ్చేశాయి కాబట్టి, ఇంటర్న్‌షిప్ డబ్బుతో సొంతవి కొందామనుకున్నా.

ఏటా వెళ్లేవాళ్లు వెడల్పువే తీసుకోమంటారు. అఫర్వత్ పైనుంచి దిగేవాళ్లకి అది కరెక్టే, పాదం కింద 100 మిల్లీమీటర్లు దాటితే మెత్తటి మంచులో తేలతాయి. నేను తిరిగేది మాత్రం కింద, జనం తొక్కి గట్టిపడ్డ వాలు మీద. అక్కడ 80కి దగ్గరుంటేనే స్కీ చప్పున అంచు మీదకి ఒరుగుతుంది. పొడవు గడ్డానికీ నుదుటికీ మధ్య చాలు. తల దాటినవి వేగంలో నిలకడగా ఉంటాయి గానీ, తిప్పేసరికి తొడలు పోతాయి!

అసలు డబ్బు పెట్టాల్సింది బూట్లకి. లోపల మడమ లేస్తే ఎంత ఖరీదైన స్కీ అయినా మాట వినదు. అద్దె బూట్లేమో ఎంతమంది కాళ్లకో వదులైపోయినవి. రెండూ కొనేంత డబ్బు లేదు. "ఏడాదికి వారం రోజుల ఆటకి ఇంత ఖర్చా?" అంటుంది అమ్మ. బూట్లే కొంటున్నా. స్కీలు ఈ ఏడు కూడా అద్దెకే.